వరసలో ఎనిమిదో బొమ్మ

సింహాచలమ్మ ఆ గోడ పొడుగునా ఒకసారి నడిచింది. చివరిదాకా వెళ్లి ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ మొదటినుంచి నడవడం మొదలుపెట్టింది.

గోడకి పదకొండు బొమ్మలు వేలాడుతున్నాయి. పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లనుంచి సైన్యంలో చేరి ప్రాణాలతో తిరిగిరాని పదకొండుమంది జవాన్లవి. అన్నీ నీటిరంగుల్లో వేసినవే. జీడిపప్పు వ్యాపారి నారాయణరావు తన తల్లి పేరున పలాసలో కట్టించిన కొత్త హాల్లో వాటిని పెట్టించాడు. బొమ్మల కింద బిగించాల్సిన పేరుపలకలు మాత్రం సమయానికి తయారై రాలేదు. "ఎవరి బిడ్డ బొమ్మ పక్కన వాళ్లు నిలబడండమ్మా, ఫొటో తీసుకోవాలి" అని నారాయణరావు గుమస్తా మోహన్ మైకులో చెప్పగానే పది కుటుంబాలవాళ్లు లేచి వెళ్లి తలో బొమ్మ పక్కన నిలబడ్డారు. సింహాచలమ్మ ఒక్కర్తే ఇంకా వెతుకుతోంది.

ఆమె ఆలస్యంగా వచ్చింది. జీడిపిక్కలు కొట్టే పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, పిక్కల జీడి అంటుకుని నల్లబడిన వేళ్లని కొంగులో దాచుకుని నడుస్తోంది. నాలుగో బొమ్మ దగ్గర ఆగి మెడ ముందుకి చాచి చూసింది. దాని పక్కన నిటారుగా నిలబడి ఉన్న పెద్దాయన, "ఇది మా ఓడమ్మా" అన్నాడు. ఆమె తప్పుచేసినట్టు చప్పున పక్కకి జరిగింది. ఐదు, ఆరు, ఏడు. ఎనిమిదో బొమ్మ పక్కన మనిషి లేడు. ఖాళీగా ఉన్నది అదొక్కటేనన్న సంగతి హాల్లో అందరికీ తెలుస్తూనే ఉంది. ఆమె మటుకు మొహాలే చూస్తోంది. ఎనిమిదో బొమ్మ ముందు ఆగి కాస్త ఎక్కువసేపే చూసింది. చూసి, దాటి వెళ్లిపోయింది.

మోహన్ వేదిక దిగి పరుగున వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాడు. "ఇదిగోనమ్మా మీ మనోహర్. ఇక్కడ నిలబడు."

వెనక వరసలో ఎవరో నవ్వారు. సింహాచలమ్మతోపాటే పని చేసే ఉమ అనే ఆవిడ, "ఓలమ్మా! కన్నకొడుకుని పోల్సలేకపోనాదేటి!" అనేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పటికే మాట హాలంతా వినపడిపోయింది. సింహాచలమ్మ తల వంచుకుని నిలబడింది. ఫొటోగ్రాఫరు ఎన్నిసార్లు చెప్పినా తల ఎత్తలేదు.

కూర్మనాథం వేదిక మీద కూర్చుని అంతా చూశాడు. ఆ బొమ్మలు వేసినది అతనే. టెక్కలిలో డ్రాయింగు మాస్టారుగా చేసి కిందటేడు రిటైరయ్యాడు. ఇంత పెద్ద పని అతనికి ఎవరూ ఎప్పుడూ అప్పగించలేదు.

నారాయణరావు అతని వైపు వంగి, "చూపు ఆనదనుకుంటాను, పాపం" అన్నాడు.

"అయ్యుంటుంది" అన్నాడు కూర్మనాథం.

*

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. పక్కింటాయన పేపరు పట్టుకుని వచ్చి చెయ్యి కలిపి వెళ్లాడు. భార్య ఝాన్సీలక్ష్మి దాన్ని కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి పుస్తకంలో పెడుతూ, "ఈవిడెవరండీ, నేలకేసి సూత్తంది?" అని అడిగింది.

"ఎవరో ఒక తల్లి" అన్నాడు కూర్మనాథం.

ఆవిడ వంటింట్లోకి వెళ్లాక ఫోను తీశాడు. మోహన్ పంపిన పదకొండు ఫొటోలూ అందులోనే ఉన్నాయి. మనోహర్ ఫొటోని వేళ్లతో లాగి పెద్దది చేశాడు. గుర్తింపు కార్డు కోసం తీసినది. నల్లటి పిల్లాడు. ఎడమ చెవి తలనుంచి విడివడి బయటికి నిలబడి ఉంది. కనుబొమ మధ్యలో చిన్న తెగుడు. ముందుపన్ను పక్కపన్ను మీదికి ఎక్కినట్టుంది, అది కనపడకుండా పెదాలు బిగించాడు. ఆ బిగింపులోంచే నవ్వు బయటపడబోతున్నట్టుంది.

తను వేసిన బొమ్మలో వీటిలో ఒక్కటీ లేదు.

ఎలా వేశాడో అతనికి బాగానే గుర్తుంది. మెడనుంచి కిందికి ఒకటే బొమ్మ గీసి, కిటికీ అద్దానికి ఆనించి పదకొండు కాగితాల మీదా దాన్నే దింపాడు. ఒకే యూనిఫారం, అవే భుజాలు. ఇంక మొహాలు. "వీరులు కదా మాస్టారూ, చూడగానే దణ్ణం పెట్టాలనిపించాలి, మొహాలు కళకళలాడాలి" అన్నాడు నారాయణరావు. కూర్మనాథం అందరికీ ఒకే గిన్నెలో రంగు కలిపాడు. పసుపు మట్టిరంగులో కాస్త ఎరుపు, బోలెడు నీళ్లు. ముక్కులన్నీ తిన్నగా దిద్దాడు. కళ్లన్నీ దూరంగా ఎటో చూసేలా పెట్టాడు. మనోహర్ చెవి గీత దాటి బయటికి వస్తుంటే రబ్బరుతో చెరిపి లోపలికి తోసేశాడు. అప్పుడు అతనికి అది తన నేర్పులాగే తోచింది. పంతొమ్మిది రోజుల్లో పని పూర్తిచేశానని ఎంతమందికి చెప్పుకున్నాడో!

ఆవిడకి చూపు ఆనుతుంది. చూపు ఆనుతుంది కాబట్టే దాటి వెళ్లిపోయింది.

ఫోను బల్లమీద బోర్లించాడు. ఆ పూట అన్నం సరిగ్గా తినలేకపోయాడు. "ఏటలా ఉన్నారు, జొరవా?" అని ఝాన్సీలక్ష్మి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. లేదన్నాడు.

మంగళవారం పొద్దున్న నారాయణరావుకి ఫోన్ చేశాడు. ఒక బొమ్మ మళ్లీ వేసిస్తానన్నాడు.

"ఏది? ఆవిడ కొడుకుదా? ఏటండీ మాస్టారూ మీరు! ఆవిడ పోల్చుకోకపోతే బొమ్మ తప్పెలాగవుతాది? మిగతా పదిళ్లవాళ్లూ చకచకా వెళ్లి నిలబడలేదా? నాకైతే వాటితో కేలండరు వేయించాలని ఉంది."

"అవుననుకోండి" అన్నాడు కూర్మనాథం. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట చెవుల్లో ఉండిపోయింది. ఆదివారం నాడు 'అయ్యుంటుంది', ఇవాళ 'అవుననుకోండి'. పిల్లల డ్రాయింగు నోట్సుల్లో గీత వంకరపోతే ఎర్రపెన్సిలుతో సున్నా చుట్టిన చెయ్యి ఇది.

*

బుధవారం అట్టా, కాగితాలూ, రంగులపెట్టె సంచిలో పెట్టుకుని పలాస బస్సెక్కాడు. జీడి ఫ్యాక్టరీ గేటు దగ్గర సింహాచలమ్మ గురించి అడిగితే లోపల షెడ్డులోకి పంపారు. ఆడవాళ్లు వరసగా కూర్చుని పిక్కలు కొడుతున్నారు. జీడి అంటకుండా చేతులకి బూడిద రాసుకుని ఉన్నారు. ఒక్కో పిక్కని కత్తికిందికి పెట్టడం, కాలితో తొక్కడం, పప్పు ఇటూ పెంకు అటూ. ఎవరూ తలెత్తకుండానే సమాధానం చెప్పారు.

"రావట్లేదు బాబూ. ఆదోరం నుంచి రావట్లేదు."

"ఒంట్లో బాగులేదా?"

ఉమ పిక్క చేతిలోనే పట్టుకుని ఆగింది. అతన్ని పోల్చుకుంది. "సిగ్గడిపోయి రావట్లేదు. మాం నవ్వీసినాం కదా. ఊళ్లో అందరూ అదే మాట." తర్వాత గొంతు తగ్గించి, "నానే ముందు అనీసినాను" అంది.

"సాయంత్రం పని అయ్యాక మీరు ఊరికి వెళ్తారు కదా. ఒకసారి వాళ్లింటికి రండి. నాలుగు మాటలు చెప్పాలి. మీరూ వినాలి" అన్నాడు కూర్మనాథం.

వాళ్ల ఊరు మొగిలిపేట సముద్రానికి దగ్గర. ఆటో దిగి ఇసకబాటలో కొబ్బరితోటల మధ్యనుంచి నడిచాడు. సింహాచలమ్మ ఇంటి అరుగుమీద చింతపండు గింజలు తీస్తోంది. అతన్ని చూడగానే లేచి నిలబడి, తడబడుతూ రెండు చేతులూ జోడించింది.

"తప్పైపోనాది బాబూ. నిండు సబలో మీకు తలొంపులు తెచ్చినాను. మీరంత కట్టపడి బొమ్మ ఏసినారు. పెద్దోలు ఇల్లు ఎతుక్కుంటూ వచ్చినారు..."

"అమ్మా, అది కాదు..."

"మూడేళ్లే అయినాది, ఆడు పోయి. ఆ మంచుకొండలకాడ పోనాడు. మొకం కూడా సరిగ్గా సూడనీలేదు, పెట్టెలో తెచ్చి పెట్టెలోనే తీసుకెల్లిపోనారు. అయినా మర్సిపోనేదు బాబూ. రోజూ కళ్లు మూసుకుంటే వచ్చీవోడు. ఇప్పుడు..." ఆమె అరుగు అంచుని పట్టుకుని కూర్చుంది. "ఇప్పుడు మూసుకుంటే మీ బొమ్మలోని మొకమే వత్తంది. ఆడి మొకం రావట్లేదు. ఇంట్లో ఉన్న ఫొటో గాలివానకి తడిసి పాడైపోనాది. కన్నతల్లినై ఉండి మూడేళ్లకే మర్సిపోనానంటే నానేం మనిసిని బాబూ?"

దారి పొడుగునా కూర్మనాథం మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. బొమ్మ అంత బాగా కుదరలేదనీ, ఇంకోటి వేసిస్తాననీ, పెద్దమనిషి తరహాగా. ఆ మాటలు ఇప్పుడు పనికిరావు. ఇంకో దారి కూడా అతనికి కనపడింది. వయసు మీద పడితే అందరికీ ఇంతేనమ్మా అనేసి, ఓదార్చి వెళ్లిపోవచ్చు. ఆమె నమ్ముతుంది. అతను ఏం చెప్పినా నమ్మడానికి సిద్ధంగా ఉంది.

సంచి కింద పెట్టి ఆమె ఎదురుగా ఇసకలో గొంతుక్కూర్చున్నాడు.

"మీరు మరిచిపోలేదు. అది మీ అబ్బాయి మొహం కాదు. నేనే తప్పు వేశాను."

"అలగనకండి. సదువుకున్నోలు మీరు."

ఫోను తీసి మనోహర్ ఫొటో ఆమె ముందు పెట్టాడు. సింహాచలమ్మ నల్లటి వేలితో తాకబోయి, అద్దానికి మరక అంటుతుందని ఆగింది. "ఈడే" అంది. "ఈడే కదా! ఇదిగో సెవి."

"ఈ చెవి నేను చెరిపేశాను. నల్లగా ఉన్నాడని రంగు మార్చేశాను. అందంగా ఉండాలని నాకు తోచినట్టు దిద్దాను. మీరు పోల్చుకోలేదంటే తప్పు మీ కళ్లది కాదమ్మా."

ఆమె అతనికేసి చూసింది. ఆ చూపులో కోపమేదైనా ఉంటే బాగుణ్ణనిపించింది అతనికి. "ఎందుకలా సేసినారు బాబూ?" అని మాత్రం అడిగింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

గిన్నెడు నీళ్లు అడిగి తీసుకున్నాడు. అట్టకి కాగితం బిగించి ఒళ్లో పెట్టుకున్నాడు. పెన్సిలుతో గీస్తూ ప్రతి గీతకీ ఆమెని అడిగాడు. ఆమె మొదట మొహమాటపడింది. తర్వాత్తర్వాత జరిగి దగ్గరికి వచ్చింది. కనుబొమ మీద తెగుడు చిన్నప్పుడు కొబ్బరిమట్ట పడి అయినదట. చెవి ఎలా ఉండేదో మాటల్లో చెప్పలేక, జుట్టు పక్కకి తీసి తన చెవే చూపించింది. "ఇదే. నాదే వచ్చినాది ఆడికి." కూర్మనాథం ఆమె చెవి చూసి వేశాడు.

రంగు కలిపేటప్పుడు చెయ్యి ఆగింది. పెట్టెలో ఎర్రమట్టిరంగు బిళ్ల ఇంకా కొత్తదిలాగే ఉంది. నీలంతో కలిపితేగాని ఆ నలుపులోని వెచ్చదనం రాదు. నీటిరంగు ఒకసారి ముదురు పడిందంటే వెనక్కి తీసుకోలేరు.

"నలుపే బాబూ" అంది సింహాచలమ్మ, అతను ఆగడం చూసి. "ఎండలో బొండాలు దింపినోడు తెల్లగెలా ఉంటాడు? ఎయ్యండి."

వేశాడు. చెంపమీద వెలుగుకోసం కాగితాన్ని కొంచెం తెల్లగా వదిలి, తడి ఆరకముందే నీలిగోధుమ నీడని దాని పక్కకి నడిపించాడు. కుంచె కొసతో పెదాలు బిగించాడు. రంగు ఆరుతున్నకొద్దీ మనిషి దగ్గరికి వస్తున్నట్టయింది.

పొద్దు వాలేసరికి ఫ్యాక్టరీ నుంచి ఆడవాళ్లు వచ్చారు. ఉమ ముందుంది. ఇరుగుపొరుగు కూడా చేరారు. కూర్మనాథం లేచి నిలబడ్డాడు.

"ఆదివారం ఈవిడ తన కొడుకుని పోల్చుకోలేదని మీరంతా అనుకున్నారు. అక్కడ ఈవిడ కొడుకు బొమ్మ లేదు. నేను పెట్టలేదు. ఒకే మొహాన్ని అటూఇటూ మార్చి వేసి, మనోహర్ అన్నాను. ఈవిడ కళ్లు సరిగ్గానే చూశాయి. మోసం నాది."

ఉమ ముందుకి వచ్చి అరుగుమీది కొత్తబొమ్మని చూసింది. "మనోరే" అంది. వెంటనే సింహాచలమ్మ పక్కన కూర్చుని ఆమె భుజానికి తల ఆనించింది. "అప్పా, రేపు పనికి రా" అంది.

వాలుపొద్దు ఎండ బొమ్మమీద పడుతోంది. సింహాచలమ్మ అట్టని రెండు చేతులతో పట్టుకుని నీడలోకి జరిపింది.

*

గురువారం హాలు తాళం తీయించి ఎనిమిదో బొమ్మని కూర్మనాథమే దించాడు. కొత్తదాన్ని చట్రంలో పెట్టి అదే మేకుకి తగిలించాడు. మోహన్ కబురు పెడితే నారాయణరావు వచ్చాడు. దూరం నుంచి చూసి మొహం చిట్లించాడు.

"వరస చెడిపోయింది మాస్టారూ. పదిమందీ ఒకలా ఉన్నారు, ఇతనొక్కడూ వేరేగా ఉన్నాడు."

కూర్మనాథం వెనక్కి జరిగి చూశాడు. నారాయణరావు అన్నది నిజమే. ఒక మనిషి వచ్చి మధ్యలో నిలబడేసరికి మిగతా పదీ బట్టలకొట్లో బొమ్మల్లా కనపడుతున్నాయి. ఒకే ముక్కు, ఒకే చూపు. ఇన్నాళ్లూ వీటికేసి ఎలా చూశాడు? ఎవరు ఎవరో తనకే తెలియడంలేదు. ఐదోది ఎవరిదో చెప్పాలంటే వేళ్లమీద లెక్కపెట్టుకోవాలి.

"ఇవన్నీ దించెయ్యాలండీ" అన్నాడు. "మళ్లీ వేస్తాను. ఇళ్లకి వెళ్లి, అడిగి వేస్తాను. మీరేమీ ఇవ్వక్కర్లేదు."

"పిచ్చా మాస్టారూ మీకు! ఆవిడొక్కర్తే కదా తడబడింది. మిగతావాళ్లకి తెలిసినప్పుడు మీకేటి బాధ?"

ఆ ఒక్కమాటే కూర్మనాథానికి కాస్త ఊరట. పదిళ్లవాళ్లు పోల్చుకున్నారు. ఎక్కడో ఒక గీతలోనైనా వాళ్ల పిల్లలు ఉండే ఉంటారు. మరీ అంత పాడుచెయ్యలేదేమో తను. నారాయణరావు ఇంకా ఏదో అంటూండగానే నాలుగో బొమ్మ దించి బల్లమీద పెట్టాడు. ఆదివారం అందరికంటే నిటారుగా, అందరికంటే నమ్మకంగా దాని పక్కనే కదా ఆ పెద్దాయన నిలబడ్డాడు! ముందు ఆయన దగ్గరికే వెళ్లాలనుకున్నాడు. మోహన్ దగ్గర జాబితా తీసుకుని చూశాడు. ఈశ్వర్. తండ్రి పోలారావు. ఊరు సుమ్మాదేవి.

*

శుక్రవారం పలాసలో ప్యాసింజరెక్కి సుమ్మాదేవిలో దిగాడు. చిన్న స్టేషను. అతనితోపాటు ఇద్దరు ముగ్గురు దిగారంతే. పోలారావు వాకిట్లో గునపానికి గుచ్చి కొబ్బరికాయల పీచు ఒలుస్తున్నాడు. చేతిలో కాయ పూర్తయ్యాక గునపం పక్కన పెట్టి పీట వాల్చాడు.

"కూకోండి మాస్టారూ. ఇందూ, మాస్టారికి బొండం కొట్టమ్మా."

ఈశ్వర్ భార్య ఇందు బొండం తెచ్చి ఇచ్చి గుమ్మంలో నిలబడింది. కూర్మనాథం దాన్ని తాగకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"మీ అబ్బాయి బొమ్మ సరిగ్గా రాలేదండీ. నేను శ్రద్ధగా వెయ్యలేదు. మీకు పోలికలు తెలిశాయి కాబట్టి సరిపోయింది గానీ, ఇంకా బాగా వెయ్యాలి. అందుకే మిమ్మల్ని అడగడానికి వచ్చాను."

పోలారావు కోడలికేసి చూశాడు. ఇందు తల దించుకుంది.

"పోలికలు మాకూ తెలీలేదండి" అన్నాడు పోలారావు.

"మరి వెంటనే వెళ్లి నిలబడ్డారు కదా!"

"మాం ముందుగాలే ఎల్లినాం ఆ రోజు. ఏది మా ఓడిదని మోహన్ బాబుని అడిగితే నాలుగోదని సెప్పినాడు. ముందొచ్చినోలందరికీ అలాగే సెప్పినాడు. లెక్కెట్టుకుని నిల్సున్నాం అందరం. పాపం ఆ తల్లి ఆలీసంగా వచ్చినాది, ఆమెకి లెక్క తెల్దు." పోలారావు చేతికంటిన పీచు దులుపుకున్నాడు. "ఆమెతో 'ఇది మా ఓడు' అనీసినాను. అని అటు తిరిగి సూసినాను. ఆడెవుడో నాకే తెల్దు."

బొండం చేతిలో బరువెక్కింది. "అందరికీ తెలుసా?" అన్నాడు కూర్మనాథం. "మరి ఒక్కరూ అనలేదేమండీ? అప్పుడే నిలదీసి ఉంటే..."

సమాధానం ఇందు చెప్పింది. "మీరు స్టేజీ మీద అంత సంబరంగా కూకున్నారు కదండీ. నొచ్చుకుంటారని."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. పదిళ్లవాళ్లు, బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లు, తమవి కాని మొహాల పక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నారు, అతని మనసు కష్టపెట్టడం ఇష్టంలేక.

కూర్మనాథం బొండం కింద పెట్టి సంచిలోంచి అట్ట తీశాడు. పెన్సిలు తీశాడు. ఎలా ఉండేవాడో చెప్పండమ్మా అని అడగబోయాడు. పెన్సిలు కొస కాగితం మీద ఆనించి, తల ఎత్తలేక అలాగే ఉండిపోయాడు.

ఇందు గుమ్మం దిగి వచ్చి అతని ఎదురుగా నేలమీద కూర్చుంది.

"నుదురు ఎడల్పుగా ఉండీదండి" అని తనే మొదలుపెట్టింది.